చదరంగపు గడులలో ఒక మహాసంఖ్య

మనుషులకు, ఊళ్లకు చరిత్ర ఉన్నట్లే సంఖ్యలకు కూడ చరిత్ర ఉంటుంది. కొన్ని సంఖ్యలు లెక్కల పుస్తకంలో పుట్టి ఆ పుటలోనే అణగిపోతాయి. మరికొన్ని కథలలోకి, పద్యాలలోకి ప్రవేశించి తరతరాల వారి నోళ్లలో నిలుస్తాయి. అటువంటి వాటిలో ఒకటి 18446744073709551615. ఇందులో 20 అంకెలున్నాయి. దీనిని మాటలలో చెప్పాలంటే ఒక లక్ష ఎనభై నాలుగు వేల నాలుగు వందల అరవై ఏడు కోట్ల కోట్లు, ఆపైన నలభై నాలుగు లక్షల ఏడు వేల మూడు వందల డెబ్బై కోట్లు, ఆపైన తొంభై ఐదు లక్షల యాభై ఒక్క వేల ఆరు వందల పదిహేను అనాలి. ఇంత పెద్ద సంఖ్యను ఒక తెలుగు కవి ఒక్క పద్యంలో ఇమిడ్చి చెప్పాడు. ఆ సంఖ్య ఏమిటి, అది ఎట్లా వచ్చింది, దాని స్వభావమేమిటి, దానితో మనకేమి పని అనే విషయాలను ఈ పాఠంలో పరిశీలిద్దాం.

చదరంగపు బల్లపై 64 గడులుంటాయి. ఆ ఆటను కనిపెట్టిన పండితుని మెచ్చి రాజు వరమిచ్చాడని, మొదటి గడిలో ఒక గింజ, రెండవ గడిలో రెండు, మూడవ గడిలో నాలుగు, ఇట్లా గడిగడికీ రెట్టింపు చేస్తూ 64 గడులకు సరిపడే ధాన్యం ఇప్పించమని ఆ పండితుడు కోరాడని ఒక కథ లోకంలో ప్రచారంలో ఉన్నది. రాజు నవ్వి ఒప్పుకొన్నాడు. లెక్క పూర్తి అయ్యేసరికి ఆ నవ్వు మాయమైంది. కథ కల్పితమే కావచ్చు. కాని లెక్క కల్పితం కాదు. క్రీ.శ. 1000 ప్రాంతంలో జీవించిన అల్ బిరూనీ ఈ మొత్తాన్ని గణించి తన గ్రంథంలో వ్రాశాడు. మన తెలుగులో ఆ పని చేసినవాడు పావులూరి మల్లన. ఇతడు 11వ శతాబ్దివాడని సాహిత్య చరిత్రకారులు సాధారణంగా చెబుతారు. 9వ శతాబ్దిలో రాష్ట్రకూట చక్రవర్తి అమోఘవర్షుని కాలంలో మహావీరాచార్యుడు సంస్కృతంలో రచించిన గణితసారసంగ్రహాన్ని మల్లన తెలుగు పద్యాలలోకి తెచ్చాడు. ఆ గ్రంథం పావులూరి గణితమని ప్రసిద్ధికెక్కింది. చదరంగపు గడుల మొత్తాన్ని చెప్పే చంపకమాల పద్యం మల్లన పేరనే ప్రచారంలో ఉన్నది.

ముందుగా ఈ సంఖ్య ఎంత పెద్దదో మనకు తెలిసిన కొలతలలో ఊహించుకొందాం. వెయ్యి వడ్ల గింజలు 20 గ్రాములు తూగుతాయనుకొందాం. మొదటి 8 గడులలోని గింజలు 255. వాటి బరువు 5 గ్రాములు మాత్రమే. పిడికిలిలో కూడ నిండవు. 16 గడులు నిండేసరికి గింజలు 65,535. బరువు కిలో మూడు వందల గ్రాములు. ఇంతవరకు రాజు నవ్వు చెదరలేదు. 26 గడులకు గింజలు 6,71,08,863 అవుతాయి. వాటి బరువు 1,340 కిలోలు దాటుతుంది. నెల్లూరు సీమలో 850 కిలోల వడ్లను పుట్టి అంటారు కనుక, అప్పటికి ఒకటిన్నర పుట్టి ధాన్యం పోగుపడిందన్నమాట. సరిగా సగం బల్ల, అంటే 32 గడులు పూర్తి అయ్యేసరికి అది సుమారు 100 పుట్లు. ఒక మోస్తరు రాజ్యానికి ఇది కూడ లెక్కలోనిది కాదు. అసలు చిక్కు రెండవ సగంలో ఉన్నది.

మొత్తం 64 గడుల ధాన్యం సుమారు 36,900 కోట్ల టన్నులు. ఇటీవలి సంవత్సరాలలో ప్రపంచమంతటా ఏటా పండుతున్న వడ్లు దాదాపు 80 కోట్ల టన్నులు. ప్రపంచంలోని రైతులందరూ ఒక్క గింజ తినకుండా, విత్తనానికి సైతం ఉంచుకోకుండా ఈ బల్లకే సమర్పించినా దాదాపు 460 ఏళ్లు పడుతుంది. ఆత్మకూరుకు చేరువలో పెన్నానదిపై ఉన్న సోమశిల జలాశయం నిండితే అందులో 78 శతకోటి ఘనపుటడుగుల నీరు నిలుస్తుంది. నీటికి బదులు ఆ జలాశయాన్ని వడ్లతో నింపుకొంటూ పోతే, ఈ ధాన్యానికి అటువంటి జలాశయాలు సుమారు 280 కావలసి వస్తాయి.

ఇక కాలంతో కొలిచి చూద్దాం. మూడు వేల అడుగులకు పైగా ఎత్తున్న కొండపై ఉదయగిరి దుర్గం ఉన్నది. శ్రీకృష్ణదేవరాయలు దీర్ఘకాలం ముట్టడి జరిపి 1514లో ఆ దుర్గాన్ని గజపతుల నుండి వశపరచుకొన్నాడు. ఆనాడు ఒక మనిషి ఆ కోట వాకిట కూర్చుండి, రేయింబవళ్లు నిద్రాహారాలు మాని, సెకనుకు ఒక గింజ చొప్పున చదరంగపు గడులలో వేయడం ఆరంభించాడనుకొందాం. 32 గడులు నింపడానికి అతనికి 136 ఏళ్లు పడుతుంది. 34 గడులకు 544 ఏళ్లు కావాలి. అంటే ఐదు శతాబ్దాలు గడిచిన తరువాత కూడ అతడు ఇంకా 34వ గడిలోనే గింజలు వేస్తూ ఉంటాడు. 2058 వరకు ఆ గడి నిండదు. మిగిలిన 30 గడుల మాట చెప్పనే అక్కరలేదు. బల్ల అంతా నిండడానికి పట్టే కాలం 58,000 కోట్ల సంవత్సరాల పైమాట. ఈ విశ్వం పుట్టి సుమారు 1,380 కోట్ల సంవత్సరాలయిందని శాస్త్రజ్ఞులు చెబుతున్నారు. విశ్వం వయస్సుకు అది నలభై రెట్లకు మించినది.

ఇంత పెద్ద మొత్తాన్ని మల్లన వంటివారు ఏ యంత్రసాయమూ లేకుండా ఎట్లా కట్టగలిగారు? 64 సంఖ్యలను వ్రాసి కూడవలసిన పని లేదు. ఇందులో ఒక చిన్న రహస్యమున్నది. గడులన్నిటికీ ముందు, బల్ల అంచున ఒక గింజను అదనంగా ఉంచండి. అదీ, మొదటి గడిలోని గింజా కలిస్తే 2. రెండవ గడిలోనూ 2 ఉన్నాయి. రెండూ కలిస్తే 4. మూడవ గడిలోనూ 4 ఉన్నాయి, కలిస్తే 8. ఇట్లా కలుపుకొంటూ పోతే 64వ గడి ముగిసేసరికి, 65వ గడి ఉన్నట్లయితే అందులో ఎన్ని గింజలుండేవో అన్ని వస్తాయి. అది 2 యొక్క 64వ ఘాతం. మనం అరువు తెచ్చిన గింజను తీసివేస్తే అసలు మొత్తం తేలుతుంది. కనుక మన సంఖ్య 2 యొక్క 64వ ఘాతానికి ఒకటి తక్కువ.

ఆ ఘాతాన్ని పొందడానికి 2ను 64 మార్లు హెచ్చించనక్కరలేదు. వర్గం చేస్తూ పోతే చాలు. 2 వర్గం 4. దాని వర్గం 16. దాని వర్గం 256. దాని వర్గం 65,536. దాని వర్గం 4294967296. దాని వర్గం 18446744073709551616. ఆరు హెచ్చవేతలతో పని ముగిసింది. అందులో చివరిది ఒక్కటే కొంచెం కష్టమైనది. ఘాతాన్ని సగం చేస్తూ, వర్గిస్తూ పోయే ఈ ఉపాయం మన దేశంలో ప్రాచీనమైనది. పింగళుని ఛందశ్శాస్త్రంలోనే ఇది కనిపిస్తుంది. పద్యలక్షణం చెప్పే శాస్త్రానికి ఈ లెక్కతో ఏమి పని అని మీకు సందేహం కలగవచ్చు. ఆ సంగతి తరువాత చూద్దాం.

మొత్తం తేలిన తరువాత దానిని పద్యంలో చెప్పడం మరొక సమస్య. అంకెల పేర్లను ఉన్నవి ఉన్నట్లుగా వరుసపెడితే గణాలు కుదరవు. అందుచేత మన పూర్వులు అంకెలకు బదులు వస్తువుల పేర్లు వాడారు. ఈ పద్ధతికి భూతసంఖ్య అని పేరు. చంద్రుడు ఒక్కడే కనుక చంద్రవాచకాలన్నీ 1. కన్నులు రెండు కనుక నేత్రం 2. అగ్నులు మూడు కనుక అగ్ని 3. వేదాలు, సముద్రాలు 4. మన్మథుని బాణాలు 5. రసాలు, ఋతువులు 6. కులపర్వతాలు 7. దిగ్గజాలు 8. గ్రహాలు 9. ఆకాశం 0. అంకెలను ఒకట్ల స్థానం నుండి మొదలుపెట్టి ఎడమవైపుగా చెప్పుకొంటూ పోవడం ఇందులోని నియమం. ఉదాహరణకు ఉదయగిరి రాయల వశమైన 1514వ సంవత్సరం శాలివాహన శకంలో 1436. దానిని రస, అగ్ని, వేద, చంద్ర అని చెప్పవచ్చు. వరుసగా 6, 3, 4, 1 అని తీసుకొని కుడినుండి ఎడమకు వ్రాస్తే 1436 వస్తుంది. శాసనాలలో శకసంవత్సరాలను ఈ విధంగా చెప్పడం పరిపాటి.

ఈ పద్ధతిలోని సౌకర్యం స్పష్టమే. ఒకే అంకెకు ఎన్నో పర్యాయపదాలుండటం వలన కవి తనకు కావలసిన గురులఘువులకు సరిపోయే మాటను ఎన్నుకోవచ్చు. చంద్ర అంటే ఒక గురువు, ఒక లఘువు. శశి అంటే రెండు లఘువులు. విలువ మాత్రం రెంటికీ 1. మరొక ప్రయోజనం కూడ ఉన్నది. తాటాకుపై వరుసగా చెక్కిన 20 అంకెలలో ఒకటి జారిపోతే వ్రాయసగానికి తెలియకపోవచ్చు. పద్యంలో ఒక మాట జారిపోతే మాత్రం నడక కుంటుపడి, తప్పు వెంటనే చెవికి తెలుస్తుంది. ఈ విధంగా ఛందస్సు ఆ సంఖ్యకు కావలి కాసింది.

అయితే ఛందస్సు పట్టలేని తప్పులు కూడ ఉంటాయి. ఒక మాటకు బదులు అదే కొలత గల మరొక మాట పడితే నడక చెడదు గాని విలువ చెడుతుంది. కొన్ని మాటలకు రెండేసి విలువలు కూడ ఉన్నాయి. ఉదాహరణకు రంధ్ర శబ్దానికి శరీరంలోని నవరంధ్రాలను బట్టి 9 అని అర్థం. కొన్ని పట్టికలలో అదే శబ్దాన్ని సున్నకు కూడ చెప్పారు. మల్లన పద్యంలో ఆ శబ్దం వస్తుంది. అక్కడ 9 అని చదవాలా, 0 అని చదవాలా? ఎవరో పెద్దలు చెప్పారు గనుక 9 అని ఒప్పుకొంటే అది విశ్వాసమవుతుంది. మనమే నిర్ణయించగలిగితే అది జ్ఞానమవుతుంది. సంఖ్య యొక్క గుణధర్మాలు ఇక్కడ మనకు ఉపకరిస్తాయి.

ఒక సంఖ్యను 9తో భాగిస్తే వచ్చే శేషం, దాని అంకెల మొత్తాన్ని 9తో భాగిస్తే వచ్చే శేషానికి సమానం. 10ని, 100ని, 1000ని దేనిని 9తో భాగించినా శేషం 1 కావడమే దీనికి కారణం. మన సంఖ్యలోని అంకెల మొత్తం 87. దానిని 9తో భాగిస్తే శేషం 6. ఇప్పుడు అంకెలతో సంబంధం లేకుండా అదే శేషాన్ని మరొక దారిలో కనుక్కొందాం. 2 యొక్క 6వ ఘాతం 64. దానిని 9తో భాగిస్తే శేషం 1. కనుక 60వ ఘాతానికి కూడ శేషం 1. మిగిలిన 4వ ఘాతం 16. దాని శేషం 7. అందులోనుండి ఒకటి తీసివేస్తే 6. రెండు దారులూ ఒకచోటికే చేరాయి.

దీని ప్రయోజనం చూడండి. తాటాకు పుస్తకంలో కుడివైపు నుండి 10వ అంకె ఉన్నచోట పురుగు తొలిచిందనుకొందాం. మిగిలిన 19 అంకెల మొత్తం 84. దాని శేషం 3. రావలసిన శేషం 6. కనుక పోయిన అంకె 3 కాక మరొకటి కావడానికి వీలులేదు. పురుగు తిన్న అంకెను గణితం తిరిగి తెచ్చి ఇచ్చింది.

కాని 0కు, 9కి మధ్య సందేహం వస్తే ఈ పరీక్ష నిలువదు. ఏది వేసినా శేషం మారదు. అప్పుడు 11తో పరీక్షించాలి. కుడివైపు నుండి బేసి స్థానాలలోని అంకెలను ఒకటిగా, సరి స్థానాలలోని అంకెలను ఒకటిగా కూడి, మొదటి మొత్తంలోనుండి రెండవ మొత్తాన్ని తీసివేసి, మిగిలినదానిని 11తో భాగించాలి. మన సంఖ్యలో బేసి స్థానాల మొత్తం 62, సరి స్థానాల మొత్తం 25. తేడా 37, శేషం 4. ఇక రావలసినది ఎంత? 2 యొక్క 10వ ఘాతం 1024. అది 11 పెట్టు 93కు ఒకటి ఎక్కువ. కనుక 60వ ఘాతానికి శేషం 1. మిగిలిన 16కు శేషం 5. ఒకటి తీసివేస్తే 4. సరిపోయింది. సందేహాస్పదమైన అంకె కుడినుండి 7వ స్థానంలో ఉన్నది. అక్కడ 9కి బదులు 0 వేస్తే బేసి స్థానాల మొత్తం 53, తేడా 28, శేషం 6 అవుతుంది. అది పొసగదు. కనుక అక్కడ రంధ్రమంటే 9 అని నిశ్చయంగా చెప్పవచ్చు. నిఘంటువు తేల్చలేని అర్థాన్ని గణితం తేల్చింది. పక్కపక్క అంకెలు రెండు తారుమారైనా ఈ పరీక్ష పట్టుకొంటుంది.

ఇక పింగళుని సంగతికి వద్దాం. పద్యపాదంలోని ప్రతి అక్షరమూ గురువైనా కావాలి, లఘువైనా కావాలి. కనుక ఒక్క అక్షరానికి రెండు రూపాలు, రెండక్షరాలకు నాలుగు, మూడక్షరాలకు ఎనిమిది. మీరు ఛందస్సులో నేర్చుకొన్న మ, య, ర, స, త, జ, భ, న అనే గణాలు ఎనిమిదే ఎందుకు ఉన్నాయో, తొమ్మిదవది ఎందుకు లేదో ఇందువలన తెలుస్తుంది. అక్షరం పెరిగినప్పుడల్లా వృత్తాల సంఖ్య రెట్టింపవుతుంది. చదరంగపు గడులలో గింజల నడక ఇదే.

ఇంతటితో ఆగక మనవారు ప్రతి వృత్తానికీ ప్రస్తారంలో ఒక వరుస సంఖ్యను నిర్ణయించారు. పాదంలోని అక్షరాలకు మొదటినుండి వరుసగా 1, 2, 4, 8, 16 అని రెట్టింపు విలువలు వేయాలి. లఘువులు ఉన్నచోటి విలువలను మాత్రమే కూడి, ఆ మొత్తానికి ఒకటి కలపాలి. ఉత్పలమాల పాదంలో 20 అక్షరాలలో 2, 3, 5, 7, 8, 9, 11, 12, 14, 15, 17, 19వ స్థానాలలో లఘువులుంటాయి. వాటి విలువలు కూడితే 3,55,798; ఒకటి కలిపితే 3,55,799. లక్షణగ్రంథాలలో ఉత్పలమాలకు చెప్పే వృత్తసంఖ్య ఇదే. చంపకమాలకు 7,11,600 ఎట్లా వచ్చిందో మీరే లెక్క కట్టి చూడవచ్చు. ఒక పాదంలో 64 అక్షరాలుండి, అన్నీ లఘువులే అయితే వాటి విలువల మొత్తం సరిగా 18446744073709551615. చదరంగపు బల్లను ఒక పద్యపాదంగా చదివితే మల్లన సంఖ్య వస్తుంది.

నేటి కంప్యూటరు పనిచేసేది కూడ ఈ సూత్రం మీదనే. దానికి తెలిసినవి రెండే గుర్తులు: సున్న, ఒకటి. గురువును సున్నగా, లఘువును ఒకటిగా భావిస్తే ప్రస్తారమే కంప్యూటరు లెక్క అవుతుంది. 64 గుర్తుల స్థానంలో ఋణం కాని పూర్ణసంఖ్యలను నిలువ చేసే యంత్రంలో అన్నీ ఒకట్లే అయినప్పుడు వచ్చే అతిపెద్ద సంఖ్య మన సంఖ్యయే. సగం బల్లకు వచ్చే 4294967295 కూడ ఆ రంగంలో ప్రసిద్ధమైనదే. అంతర్జాలంలో యంత్రాలకు మొదట నిర్ణయించిన చిరునామాలు 32 గుర్తులతో ఏర్పడినవి. అవి 429 కోట్లు చాలుననుకొన్నారు. 2011 ఫిబ్రవరి నాటికి ప్రపంచ కేంద్ర నిలువలో పంచడానికి మిగిలిన చిరునామాలు అయిపోయాయి. 32 చాలని చోట 128 గుర్తుల పద్ధతిని ఏర్పరచుకొన్నారు.

ఈ సంఖ్య లోపలి నిర్మాణం కూడ గమనింపదగినది. చివరి అంకె 5 కనుక దీనిని 5 భాగిస్తుంది. అంకెల మొత్తం 87ను 3 భాగిస్తుంది కనుక ఈ సంఖ్యను 3 భాగిస్తుంది. మిగిలిన కారణాంకాలను వెదకడానికి మీకు తెలిసిన వర్గాల భేదసూత్రం చాలు. ఒక వర్గంలోనుండి 1 తీసివేస్తే, ఆ మూలానికి ఒకటి తక్కువైన సంఖ్య, ఒకటి ఎక్కువైన సంఖ్య అనే రెండింటి లబ్ధం వస్తుంది. కనుక మన సంఖ్య 4294967295, 4294967297 అనే సంఖ్యల లబ్ధం. మొదటిదానిని మళ్లీ అట్లాగే విడదీయవచ్చు. అట్లా విడదీస్తూ పోతే 3, 5, 17, 257, 65537, 4294967297 అనే ఆరు సంఖ్యల లబ్ధంగా అది తేలుతుంది.

వీటిలో మొదటి ఐదూ ప్రధానసంఖ్యలే. ఈ వరుసలోని సంఖ్యలన్నీ ప్రధానసంఖ్యలేనని 17వ శతాబ్దిలో ఫెర్మా అనే ఫ్రెంచి గణితజ్ఞుడు భావించాడు. మహాపండితుని మాట గనుక అది సుమారు ఒక శతాబ్దం నిలిచింది. 1732లో ఆయిలర్ ఆరవ సంఖ్యను 641 నిశ్శేషంగా భాగిస్తుందని కనుగొన్నాడు. 641ని 6700417తో హెచ్చిస్తే 4294967297 వస్తుంది. ఇది కాగితం మీద అయిదు నిమిషాల పని, ఎవరైనా సరిచూసుకోవచ్చు. ఈ విధంగా మన సంఖ్యకు 3, 5, 17, 257, 641, 65537, 6700417 అనే ఏడు ప్రధాన కారణాంకాలు ఏర్పడ్డాయి. ప్రతి ఒక్కటీ ఒక్కొక్కసారే వస్తుంది గనుక, ఒక్కొక్కదానిని తీసుకోవడం, విడిచిపెట్టడం అనే రెండేసి అవకాశాల వలన మొత్తం భాజకాలు 128. ఇక్కడ కూడ రెట్టింపు నడకే పనిచేసింది.

ఈ సంఖ్యలో జీవితానికి సంబంధించిన గుణం ఒకటున్నది. ఏ గడిని తీసుకొన్నా అందులోని గింజలు దానికి ముందున్న గడులన్నిటిలోని గింజలకంటె ఒకటి ఎక్కువ. అంటే మొత్తంలో సగానికి పైగా ఎప్పుడూ చివరి గడిలోనే ఉంటుంది. డబ్బు కట్టి చేరండి, మరి ఇద్దరిని చేర్పించండి, వారు ఇద్దరేసిని చేర్పిస్తారు, మీకు లాభం వస్తుందని చెప్పే గొలుసుకట్టు పథకాలను ఈ గుణంతో పరిశీలించండి. ఒక్కనితో మొదలైన గొలుసు 21 అంచెలకు 20,97,151 మందిని చేర్చుకోవాలి. 22వ అంచెకు 41,94,303 మంది కావాలి. 2011 జనాభా లెక్కలలో నెల్లూరు జిల్లా మొత్తం జనాభా 29,63,557. ఉదయగిరిలో ఒక్కనితో మొదలైన గొలుసు 22వ అంచె ముగిసేలోపుననే, పసిపిల్లలతో సహా జిల్లాలో చేరని వారు ఒక్కరూ మిగలరు. గొలుసు ఎక్కడ తెగినా అప్పటికి చివరి అంచెలో ఉన్నవారు మొత్తంలో సగానికి పైగా ఉంటారు. వారి క్రింద ఎవరూ ఉండరు గనుక వారికి రావలసినదేమీ ఉండదు. నడిపేవాడు మంచివాడైనా, చెడ్డవాడైనా ఫలితం మారదు. అది ఆ లెక్కలోనే ఉన్నది. ఇటువంటి పథకాలను నిషేధిస్తూ భారత ప్రభుత్వం 1978లోనే చట్టం చేసింది.

చక్రవడ్డీ నడక కూడ ఇదే. నూటికి నెలకు రెండు రూపాయల వడ్డీ అంటే వినడానికి స్వల్పంగా తోస్తుంది. ఆ వడ్డీని నెలనెలా అసలులో కలుపుతూ పోతే సుమారు 35 నెలలకు అప్పు రెట్టింపవుతుంది. అది చదరంగంలో ఒక గడి. 35 సంవత్సరాలు గడిస్తే 12 గడులు దాటినట్లు. అప్పటికి అప్పు 4,096 రెట్లవుతుంది. తాత పదివేల రూపాయలకు వ్రాసి ఇచ్చిన పత్రం మనుమని చేతికి వచ్చేనాటికి నాలుగు కోట్లు దాటుతుంది. రాజు నవ్వినది మొదటి గడులను చూసి. పత్రంపై వేలిముద్ర వేసేవాడు చూచేది కూడ మొదటి గడులనే. వాన కోసం ఎదురుచూచే మెట్టప్రాంతంలోని రైతుకుటుంబానికి ఈ లెక్క తెలియడం అవసరం. అదే నడకను మనకు అనుకూలంగా తిప్పుకొని, చిన్న వయస్సులోనే పొదుపు ప్రారంభించినవానికి చివరి గడులు మేలు చేస్తాయి.

మల్లన పద్యం కాలానికి ఎదురు నిలిచి మన చేతికి అందింది. దానిని ఛందస్సు కాపాడింది. కాపాడిన దానిని సరిచూసుకోవడానికి గణితం ఉపకరించింది. తెలుగు చదివేవారికి లెక్కలతో పని లేదని, లెక్కలు చదివేవారికి పద్యంతో పని లేదని అనుకోవడం ఇటీవలి అలవాటు. ఒక్క మాట అర్థాన్ని నిర్ణయించడానికి 11తో భాగించవలసి వచ్చిందని, గణాల లెక్క తెలియడానికి 2 యొక్క ఘాతాలు తెలియవలసి వచ్చిందని ఈ పాఠంలో చూశాం. ఫెర్మా వంటివాని మాటను సైతం ఒక హెచ్చవేత సరిదిద్దింది. పెద్ద సంఖ్య ఎదురైనప్పుడు దానిని చూసి జంకనక్కరలేదు, చెప్పినవారి గొప్పతనాన్ని చూసి ఒప్పుకోనూ అక్కరలేదు. కాగితం, కలం తీసుకొని అంకెలు కూడి, 9తోను, 11తోను భాగించి చూడండి. మల్లన చెప్పిన 20 అంకెలలో ఒక్కటీ తప్పలేదని మీకే తెలుస్తుంది.